ముందు నీళ్లు ఎంచుకోండి, తర్వాతే మిషన్

గుడివాడ నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. వరసకి కొడుకవుతాడు. "బాబాయ్, డబ్బులు కూడబెట్టాను. మెటల్ డిటెక్టర్ కొంటున్నా. బీచ్‌లో, సముద్రంలో కూడా పనికొచ్చేది కావాలి. అన్నిట్లోకీ మంచిది ఏదో ఒక్క పేరు చెప్పు" అన్నాడు. గొంతు నిండా తొందర. ఎక్కడో విదేశీ తీరంలో ఒకాయన మోకాలి లోతు నీళ్లలో నడుస్తూ వరసగా ఉంగరాలు తీస్తున్న వీడియోలు చూశాడట.

"ఏ నీళ్లలో వెతుకుతావు?" అని అడిగాను.

"ఏ నీళ్లయితే ఏంటి బాబాయ్? నీళ్లు నీళ్లేగా!"

ఆ కుర్రాడికి గంటసేపు చెప్పిందే మీకూ చెబుతాను. మీరు ఎప్పటికీ డిటెక్టర్ కొనకపోవచ్చు. కానీ పిల్లాడికి కోర్సు ఎంచుకోబోతున్నా, కొత్త వ్యాపారంలో డబ్బు పెట్టబోతున్నా, "అన్నిట్లోకీ మంచిది ఏది?" అన్న ప్రశ్నే మీ నోట్లో ఉంటే ఇది మీకోసమే. ఆ ప్రశ్నే తప్పు. అన్నిట్లోకీ మంచిది అంటూ ఏదీ ఉండదు. మీరు నిలబడబోయే చోటికి మంచిది ఉంటుంది. ఒక చోటు తేల్చుకోవడమంటే మిగతా చోట్లను వదులుకోవడం. వదులుకోవడం చేతకానివాడికి అంగట్లో ఉన్న ప్రతి వస్తువూ అవసరంగానే కనిపిస్తుంది.

మన కింది కృష్ణా డెల్టానే చూడండి. బండి మీద ఒక్క రోజులో చుట్టి రాగలిగే దూరంలో మూడు రకాల నీళ్లున్నాయి. గుడివాడ చుట్టూ కాలువల్లో మంచినీళ్లు. బందరు పక్కన మంగినపూడిలో ఉప్పునీళ్లు. దివిసీమ కొసన హంసలదీవి దగ్గర, కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట, పూటకో రుచి మారే నీళ్లు. మనిషికి ఇవన్నీ నీళ్లే. డిటెక్టర్‌కి మాత్రం మూడూ మూడు లోకాలు.

ఎందుకో తెలియాలంటే అది ఎలా వింటుందో తెలియాలి. కర్ర చివర పళ్లెంలా ఉండేదాన్ని కాయిల్ అంటారు. అది నేలలోకి మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. కింద లోహం ఉంటే అందులో చిన్న చిన్న విద్యుత్ సుడులు పుడతాయి. ఆ సుడులు ఇచ్చే జవాబును కాయిల్ తిరిగి పట్టుకుని చెవిలో మోత మోగిస్తుంది. జవాబు ఎంత ఆలస్యంగా, ఏ తీరుగా వచ్చిందన్న దాన్నిబట్టి అది ఇనుమో, రాగో, బంగారమో అంచనా కడుతుంది. ఇంతవరకు బాగానే ఉంది. చిక్కంతా ఉప్పుతో వస్తుంది. ఉప్పునీరు కరెంటును పోనిస్తుంది, మంచినీళ్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా. అంటే తడి ఇసుక మొత్తం డిటెక్టర్‌కి ఒక పెద్ద బలహీనమైన లోహపు రేకులా వినిపిస్తుంది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. సన్నటి బంగారు ఉంగరం ఇచ్చే జవాబు, ఉప్పునీరు ఇచ్చే జవాబు దగ్గరదగ్గరగా ఉంటాయి. ఉప్పు గోల వినపడకుండా చేయబోతే ఉంగరం గొంతు కూడా నొక్కేసినట్టవుతుంది.

తక్కువ ధరలో దొరికే డిటెక్టర్లు చాలావరకు ఒకే ఫ్రీక్వెన్సీ మీద, అంటే ఆ క్షేత్రాన్ని ఒకే వేగంతో మారుస్తూ పనిచేస్తాయి. పొడి నేల మీద, మంచినీళ్లలో ఇవి చక్కగా ఉంటాయి. అలలు తడిపే ఇసుక మీదికి తీసుకెళ్లగానే అడుగడుగునా ఊరికే మోగుతాయి. కొన్నవాడు మిషన్ పాడైందనుకుని మూలన పడేస్తాడు. మిషన్ బాగానే ఉంది. దాన్ని దాని లోకం కాని చోటికి తీసుకెళ్లారు, అంతే. చదువుల్లో, ఉద్యోగాల్లో మనం మనుషులకు చేసే అన్యాయం కూడా చాలాసార్లు ఇదే.

అందుకే గుడివాడ కుర్రాడికి మొదట చెప్పింది ఇది: నువ్వుండేది కాలువల ఊళ్లో. వేసవిలో కాలువలు కట్టేస్తారు. అడుగు బయటపడుతుంది. తరతరాలుగా జనం మునిగిన స్నానాల రేవులు, పిల్లలు ఈదిన చోట్లు నీ ఇంటికి దగ్గర్లోనే ఉన్నాయి. ఉప్పు బాధ లేదు, లోతు భయం లేదు. అక్కడికి ఒకే ఫ్రీక్వెన్సీ ఉన్న మామూలు డిటెక్టర్ చాలు. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బడి లేదు. ఒక్క షరతు, కాలువ గట్టు మీద గునపం పెట్టొద్దు. డెల్టాలో పుట్టినవాడికి గట్టు విలువ ఇంకొకరు చెప్పక్కర్లేదు. ముందుగా నీటిపారుదల శాఖ వాళ్లను అడుగు. అడుగున పైపై మట్టి వరకే తియ్యి, తీసిన గుంట అప్పుడే పూడ్చు.

"మరి సముద్రం?" అన్నాడు. వాడి మనసంతా అక్కడే ఉంది.

సముద్రానికైతే రెండు దారులున్నాయి. ఒకటి, ఒకేసారి అనేక ఫ్రీక్వెన్సీలు పంపే మిషన్. అన్నిటి జవాబులనూ పోల్చి చూసుకుని, ఇది ఉప్పు, ఇది లోహం అని విడదీస్తుంది. మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్, నోక్టా లెజెండ్, ఎక్స్‌పీ డియస్ 2 ఈ జాతివి. రెండోది పల్స్ ఇండక్షన్. ఇది ఆగి ఆగి బలమైన అయస్కాంత పల్స్‌లు పంపి, ప్రతిదాని తర్వాత మిగిలే ప్రతిధ్వని ఎంతసేపు నిలుస్తుందో చూస్తుంది. గారెట్ సీ హంటర్ ఇలాంటిది. ఉప్పును, నల్ల ఇసుకను ఇది పట్టించుకోదు, లోతుగా కూడా వింటుంది. కానీ మేకుకీ ఉంగరానికీ తేడా చెప్పడం దీనికి సరిగా రాదు. మోగిన ప్రతిచోటా తవ్వాల్సిందే. శుభ్రంగా ఉండే తీరంలో అది వరం. మంగినపూడిలో యాత్రికులు వదిలేసే సీసా మూతలు, పందిళ్ల మేకులు, తీగ ముక్కల మధ్య పూట గడిచేసరికి నడుం విరుగుతుంది. ఇక్కడికి నా ఓటు అనేక ఫ్రీక్వెన్సీల మిషన్‌కే.

హంసలదీవి సంగతి ఇంకా ప్రత్యేకం. వరద రోజుల్లో నది తోసుకొచ్చి అక్కడి నీళ్లు చప్పబడతాయి. ఎండాకాలంలో సముద్రమే లోపలికి ఎక్కుతుంది. ఒకే రోజు పోటుకీ పాటుకీ మధ్య కూడా ఉప్పు మారుతుంది. పొద్దున నేలకు తగ్గట్టు సరిచేసుకున్న మిషన్‌ని మధ్యాహ్నం మళ్లీ సరిచేయాలి. దీన్నే గ్రౌండ్ బ్యాలెన్స్ అంటారు. ఒకసారి సరిచేశాం కదా అని రోజంతా అదే లెక్కతో తిరిగేవాడికి అక్కడ ఏమీ దొరకదు.

ఇక పెట్టె మీద రాసి ఉండే "వాటర్‌ప్రూఫ్" అన్న మాట. మోసపోయేది ఎక్కువగా ఇక్కడే. కొన్ని మిషన్లలో నీళ్లలో ముంచగలిగేది కింది కాయిల్ ఒక్కటే. స్క్రీన్, బ్యాటరీ ఉన్న పైపెట్టె తడిస్తే పని అయిపోయినట్టే. మైన్‌ల్యాబ్‌లోనే వాంక్విష్ రకానికి కాయిల్ వరకే తడవొచ్చు, ఈక్వినాక్స్ అయితే మొత్తం మునగొచ్చు. ఎంత లోతుకు అన్నది కూడా అంకెల్లో చూడాలి. ఈక్వినాక్స్ 800కి, లెజెండ్‌కి 3 మీటర్లు. ఈక్వినాక్స్ 900కి 5 మీటర్లు. డియస్ 2కి 20 మీటర్లు. డైవింగ్ చేసేవాళ్లు వాడే ఎక్స్‌కాలిబర్, సీ హంటర్ లాంటివాటికి 60 మీటర్లు. అంకె పెద్దదైతే మంచిదని వెంటనే అనిపిస్తుంది. ఆగండి. మన తీరంలో నీళ్లు బురదగా ఉంటాయి, మునిగితే మన చెయ్యే మనకు కనపడదు. నడుం లోతు దాటి వెళ్లే పని ఇక్కడ లేదు, వెళ్లకూడదు కూడా. అరవై మీటర్ల మిషన్ కొంటే యాభై తొమ్మిది మీటర్లకు ఊరికే డబ్బు కట్టినట్టు. అండమాన్‌లో స్కూబా చేసేవాడికి అది అవసరం కావచ్చు. ఆయన అవసరాన్ని మీ డబ్బుతో కొనకండి.

ఇంకెక్కడైనా నీటి అడుగున వెతకాలనుకునేవాళ్లకి ఒక మాట. తీగలేని హెడ్‌ఫోన్లు ఒడ్డున బాగుంటాయి. ఆ రేడియో తరంగాలు నీళ్లలో కొద్ది అంగుళాలు కూడా సరిగా పోవు. చెవులు మునిగే పనైతే తీగ ఉన్న, నీళ్లకు తట్టుకునే హెడ్‌ఫోన్లే కావాలి. పొడుగు కర్ర ఉన్న చిల్లుల పార ఒకటి, నడుముకి సంచి ఒకటి కూడా కావాలి. మిషన్‌కి పెట్టిన డబ్బులో కొంత వీటికి మిగుల్చుకోనివాడు, మోత విని కూడా వస్తువు పైకి తీయలేడు. ఇంటికి రాగానే మిషన్‌ని మంచినీళ్లతో కడగడం, రబ్బరు సీళ్లలో ఇసుక నలుసు లేకుండా తుడవడం మానొద్దు. రిపేరుకి ఎక్కడికి పంపాలో డబ్బు కట్టకముందే అడగండి. ఆ ప్రశ్నకు తిన్నగా జవాబు చెప్పని చోట కొనకండి.

ఇప్పుడు అసలు విషయం. కొనేటప్పుడు వదులుకోవాలి అన్నాను కదా, వెతికేటప్పుడు దానికి సరిగ్గా వ్యతిరేకంగా ఉండాలి. ఏ మోతనూ తేలిగ్గా వదులుకోకూడదు.

డిటెక్టర్లలో డిస్క్రిమినేషన్ అనే సదుపాయం ఉంటుంది. ఫలానా రకం జవాబు వస్తే మోగకు అని మిషన్‌కి చెప్పొచ్చు. చెత్త వద్దనుకుని కొత్తవాళ్లంతా అల్యూమినియం రేకు, టిన్ను మూతల శబ్దాలు మూసేస్తారు. సన్నటి బంగారు ఉంగరం కూడా సరిగ్గా ఆ మెట్టు మీదే మోగుతుంది. చెత్తతో పాటు బంగారాన్నీ బయటికి నెట్టేసి, ఈ తీరంలో ఏమీ లేదని ఇంటికి పోతారు. ఇంటర్వ్యూ బల్లకు అటువైపు కూర్చునేవాళ్లు ఈ ముక్క రెండుసార్లు చదవాలి.

మన ఆడవాళ్లు పోగొట్టుకునేవి ఏమిటో ఆలోచించండి. విదేశీ వీడియోల్లో దొరికేవన్నీ ఉంగరాలు. మనకు ఉంగరాలతో పాటు గొలుసులు, నల్లపూసలు, దిద్దులు, మెట్టెలు. సన్నటి గొలుసు డిటెక్టర్‌కి దాదాపు కనపడదు. చాలామందికి ఇది తెలియదు. మిషన్ దాన్ని ఒక్క వస్తువుగా చూడదు. విడివిడి లంకెలుగా, ఒక్కొక్క ఇసుక రేణువంత చిన్న జవాబుగా చూస్తుంది. మరి మంగళసూత్రం పోతే ఎలా? దానికి బిళ్లలుంటాయి. సూత్రాల బిళ్లలు చిన్నవైనా గట్టిగా, నిండుగా ఉంటాయి కాబట్టి స్పష్టంగా మోగుతాయి. అంటే మీరు వినాల్సింది గొలుసును కాదు, గొలుసుకి ఉన్న బిళ్లను, కొక్కేన్ని. వెండి మెట్టె చుట్టు పూర్తిగా కలిసి ఉన్నదైతే దాని గొంతు పెద్దది. దిద్దుకి గొంతు చాలా చిన్నది, కాయిల్‌ని ఇసుకకు ఆనించినట్టు నెమ్మదిగా తిప్పితేనే పలుకుతుంది. ఏ వీడియోలోనూ లేని పాఠం ఇది. మన మెడలు, మన వేళ్లు చూసుకుని మనమే రాసుకోవాలి.

అందుకే మిషన్ ఇంటికి రాగానే బీచ్‌కి పరిగెత్తకండి. దొడ్లో ఇసుక పోసి మడి కట్టండి. అందులో ఒక రూపాయి బిళ్ల, ఇత్తడి రంగు ఐదు రూపాయల బిళ్ల, సీసా మూత, చాక్లెట్ రేకు, తుప్పు మేకు, వెండి మెట్టె, ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే ఒక బంగారు ఉంగరం వేర్వేరు లోతుల్లో పెట్టండి. చిలకలపూడి రోల్డ్ గోల్డ్ ఉంగరం కూడా ఒకటి కొని పెట్టండి. బందరు వాళ్లకి చెప్పాలా, అసలు బంగారానికీ ఆ పనితనానికీ కంటితో తేడా పట్టడం కష్టం. మిషన్ మాత్రం పైపూతని చూడదు, లోపలి ఒంటిని వింటుంది. పైన ఎంత మెరిసినా అది రాగిగానో ఇత్తడిగానో పలుకుతుంది. కళ్లు మూసుకుని ఏ మోత దేనిదో చెప్పగలిగే దాకా రోజూ పావుగంట చేయండి. నెలరోజుల తర్వాత ఖరీదైన మిషన్ కొన్నవాడి కంటే మీ చెవి ముందుంటుంది. ఇంగ్లండులో 2009 జూలైలో స్టాఫర్డ్‌షైర్ నిధిని, ఆంగ్లో-సాక్సన్ కాలపు బంగారాన్ని రాశులుగా, కనుగొన్న టెర్రీ హెర్బర్ట్ చేతిలో ఉన్నది పద్నాలుగేళ్ల పాత డిటెక్టర్.

ముందే ఒక అభిప్రాయం పెట్టుకుని వింటే మంచి మిషన్ కూడా ఏమీ చేయలేదు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ని తుపాకీతో కాల్చారు. గుండు ఒంట్లో ఎక్కడ ఉందో తెలియలేదు. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ అప్పటికప్పుడు ఒక లోహశోధక యంత్రం తయారుచేసి తెచ్చాడు. యంత్రం పనిచేసింది. అధ్యక్షుడి మీద మాత్రం అర్థం కాని మోతలు వినిపించాయి. ఆయన పడుకున్న పరుపులో ఉక్కు స్ప్రింగులున్నాయి. అదొక్కటే కాదు. గుండు కుడివైపే ఉందని పెద్ద డాక్టరు ముందే నిశ్చయించుకున్నాడు, బెల్‌ని ఆ వైపే వెతకనిచ్చాడు. సెప్టెంబర్ 19న గార్ఫీల్డ్ చనిపోయాడు. శవపరీక్షలో గుండు ఎడమవైపు దొరికింది. మీ ఇంట్లో, మీ ఆఫీసులో ఒక సమస్య ఎంతకీ దొరకడం లేదంటే, ఏ వైపు వెతకొద్దని ఎవరు చెప్పారో ఒకసారి గుర్తుచేసుకోండి.

మిషన్ చేయలేని పనిని చేతులు చేసే చోట్లు కూడా ఉన్నాయి. కాకినాడ దగ్గర ఉప్పాడలో సముద్రం ఊరిని కోసుకుంటూ పోతోంది. తుపాను వెళ్లాక తీరంలో బంగారు నలుసులు దొరుకుతాయని జనం ఇసుకలో కూర్చుని వెతుకుతారు. 2020 నవంబరులో నివర్ తుపాను తర్వాత ఆ దృశ్యం పత్రికల్లో వచ్చింది. ఒకప్పుడు సముద్రం మింగిన ఇళ్లు, గుళ్ల నుంచి వచ్చిన బంగారమని అక్కడివాళ్లు చెబుతారు. ఆ నలుసుల సైజుకి తడి ఉప్పు ఇసుకలో చాలా డిటెక్టర్లు పనికిరావు. అక్కడి ఆడవాళ్ల వేళ్లు, ఓపిక పనికొస్తాయి. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలప్పుడు రేవుల్లో తాడుకి అయస్కాంతం కట్టి నాణేలు తీసిన పిల్లల్ని చూశారా? వాళ్ల తెలివికి నేను దణ్ణం పెడతాను. స్టీలు రూపాయి అయస్కాంతానికి అంటుకుంటుంది, పాత రాగి-నికెల్ బిళ్లలు, ఇత్తడి రంగు ఐదు రూపాయలు అంటుకోవు. ఆ సంగతి వాళ్లు చేతులతో నేర్చుకున్నారు. ముందు చౌక పనిముట్టుతో నేర్చుకున్నవాడు తర్వాత ఖరీదైనది కొన్నా వృథా చేయడు.

"బాబాయ్, మరి పాత ఓడలు? డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు బందరులోనే కదా దిగింది?" అని అడిగాడు కుర్రాడు. నిజమే. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో బందరులో వర్తకం మొదలుపెట్టారు. కానీ ఇక్కడ తీరం దగ్గర లోతు లేదు. పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసుకుని ఆగేవి. సరుకు మసులా పడవల్లో అలల మీదుగా ఒడ్డుకు వచ్చేది. ఆ పడవల పలకలను కొబ్బరి పీచు తాళ్లతో కుట్టేవాళ్లు. ఇనుప మేకే వాడేవాళ్లు కాదు, అల కొడితే పడవ వంగాలి గాని విరగకూడదని. మన పూర్వుల ఆ పనితనం ఏ డిటెక్టర్‌కీ దొరకదు.

పాత వస్తువుల మీద చట్టం కచ్చితంగా ఉంది, దాన్ని తెలుసుకోకుండా మిషన్ ముట్టుకోవద్దు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. నేలలో దాగి ఉన్న, పది రూపాయలకు మించి విలువైనది ఏది దొరికినా కలెక్టరుకి రాతపూర్వకంగా తెలియజేయాలి. ఏం దొరికింది, ఎక్కడ, ఎప్పుడు అన్నీ రాయాలి. దాచిపెడితే ఏడాది వరకు జైలు. చెప్పినవాడికి నష్టం లేదు. అసలు హక్కుదారు తేలకపోతే, నేల యజమానితో వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవాడికి మూడు వంతులు, యజమానికి ఒక వంతు ఇవ్వాలని ఆ చట్టమే చెబుతోంది. ప్రభుత్వం తీసుకోదలిస్తే డబ్బు కట్టే తీసుకోవాలి. మన కలెక్టరాఫీసు బందరులోనే ఉంది, వెళ్లడానికి ఒక బస్సు చాలు. వందేళ్లు దాటిన నాణేలు, విగ్రహాల్లాంటివి 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. ఘంటసాల స్తూపం లాంటి రక్షిత కట్టడాల దగ్గర అనుమతి లేకుండా తవ్వడం నేరం. అలెగ్జాండర్ రీ 1894లో అచ్చయిన పుస్తకంలో భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల బౌద్ధ అవశేషాల గురించి రాశాడు. అంటే గుడివాడ కుర్రాడా, మీ ఊరి దిబ్బకు రెండువేల ఏళ్ల చరిత్ర ఉంది. అక్కడ దొరికే సీసపు నాణెం ఏ పొరలో, దేని పక్కన ఉందో తెలిస్తేనే అది చరిత్ర. పీకి జేబులో వేసుకుంటే అది పాత సీసం ముక్క. గుప్తనిధులున్నాయని, బియ్యాన్ని లాగే "రైస్ పుల్లింగ్" చెంబులని చెప్పి మీ చేత మిషన్ కొనిపించాలని చూసేవాళ్లు వస్తారు. వాళ్లకు గుమ్మం నుంచే దణ్ణం పెట్టి పంపేయండి.

నిన్న పోయిన ఉంగరం నిధి కాదు, దానికి యజమాని ఉన్నాడు. పరాయి వస్తువు దొరికి తీసుకున్నవాడు దాన్ని సొంత వస్తువంత జాగ్రత్తగా చూసుకుని అసలువాడికి చేర్చాలని 1872 కాంట్రాక్టు చట్టం 71వ సెక్షన్ చెబుతోంది. యజమానిని కనుక్కునే వీలుండీ సొంతం చేసుకుంటే అది నేరం. నా మనసుకి చట్టం కంటే ముందు ఇంకోటి గుర్తొస్తుంది. 1977 నవంబర్ 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. పది వేల మంది దాకా పోయారు. ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. నాగాయలంక, కోడూరు వైపు తీరంలో ఇసుక కింద దిద్దో, సూత్రం బిళ్లో మీ చేతికి తగిలితే, అది ఎవరి ఒంటి మీద నుంచి వచ్చిందో ఊహించుకోండి. ఆ ఇళ్లలో బతికి బయటపడ్డవాళ్లు ఇంకా ఉన్నారు. అలాంటి వస్తువు దొరికితే ముందు ఆ ఊరి పెద్దవాళ్లను అడగండి, పోలీసులకు రాసి ఇవ్వండి. దాని మీద లాభం వద్దు.

ఆ తీరానికే ఇంకొక హక్కుదారు ఉంది. జనవరి నుంచి ఎండలు ముదిరే దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు పాలకాయతిప్ప, ఎదురుమొండి వైపు ఇసుకలో గుడ్లు పెడతాయి. ఒక్కో గూట్లో వందకు అటూ ఇటూ గుడ్లు, పిల్లలు బయటికి రావడానికి నెలన్నర పైనే పడుతుంది. మీ పార ఒక్కసారి దిగితే ఒక గూడు పోతుంది. ఆ నెలల్లో అక్కడ తవ్వకం పూర్తిగా మానేయండి. కృష్ణా అభయారణ్యం పరిధిలో అయితే ఏ నెలలోనైనా అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు.

ఒంటరిగా వెళ్లొద్దు. చెవులకు హెడ్‌ఫోన్లు, చూపంతా కింద ఇసుక మీద, వీపు సముద్రం వైపు. అల వచ్చేది తెలియదు. 2004 డిసెంబర్ 26 పౌర్ణమి రోజున సునామీ మంగినపూడిలో స్నానాలకు వచ్చినవాళ్లను తీసుకుపోయింది. సంగమం దగ్గర నీటి లాగుడు మామూలు ఈతగాడికి అందదు. ఒడ్డున ఒక మనిషి నిలబడి మిమ్మల్నే చూస్తూ ఉండాలి. అలాంటి మనిషి దొరకని రోజు ఇంట్లో ఇసుక మడి ఉంది కదా, అక్కడ సాధన చేసుకోండి.

ఇంత చెప్పాక కుర్రాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే బాబాయ్, ఈ ఏడాది మామూలుది కొని కాలువలో నేర్చుకుంటా. మిగతా డబ్బు బ్యాంకులో వేస్తా" అన్నాడు. వచ్చే వేసవికి వాడి చెవి ఎంత పదునెక్కిందో చూసి, అప్పుడు సముద్రపు మిషన్ మాట్లాడుకుందాం అనుకున్నాం.

నా కోరిక ఒకటే. కార్తీక పౌర్ణమికి మంగినపూడిలో, మాఘ పౌర్ణమికి హంసలదీవిలో జనం వేలల్లో మునుగుతారు. ఎవరో ఒకరి మెడలోది, వేలిది జారుతుంది. ఆ సాయంత్రం ఒడ్డున కూర్చుని ఏడ్చే మనిషికి సాయం చేయడానికి చెవి పదునైన కుర్రాళ్లు ఐదుగురు, మిషన్లు రెండు, బందరులో ఒకటి, అవనిగడ్డలో ఒకటి ఉంటే చాలు. పోలీసులకు ముందుగా చెప్పి, దొరికింది దొరికినట్టు పుస్తకంలో రాసి, సంతకం పెట్టించుకుని ఇచ్చేయొచ్చు. మొదలుపెట్టేవాళ్లుంటే ముందుకు రండి.

స్నానానికి వెళ్లే అమ్మలారా, అయ్యలారా, మీకూ ఒక మాట. గొలుసులు, వదులుగా ఉన్న ఉంగరాలు ఇంట్లో పెట్టి రండి. నీళ్లలో చల్లదనానికి వేలు సన్నబడి ఉంగరం తేలిగ్గా జారుతుంది. ఒకవేళ జారితే కంగారుపడి చుట్టూ తొక్కకండి. ఉన్నచోటే నిలబడి, లైట్‌హౌసు ఏ చెట్టు మీదుగా కనిపిస్తోందో, గుడి ఏ గుడిసె పక్కన కనిపిస్తోందో చూసుకుని గుర్తుపెట్టుకోండి. వెతికేవాడికి మీరివ్వగలిగిన పెద్ద సాయం అదే.